మండువా ఇంట్లో వంటల బడి: గోడకు మామిడి బొమ్మా, మాగాయకు ఎండా?

ఈ ఉత్తరం గోదావరి డెల్టాలోని ఒక చిన్న పట్టణం నుంచి వచ్చింది. రాసినవారికి 54 ఏళ్ళు. బ్యాంకు ఉద్యోగం నుంచి స్వచ్ఛంద విరమణ తీసుకున్నారు. భర్త ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. అత్తగారికి 81 ఏళ్ళు. వీరు ఉంటున్నది మామగారి తండ్రి కట్టించిన మండువా లోగిలి: నడుమ ఆకాశానికి తెరిచి ఉన్న మండువా, చుట్టూ నాలుగు వసారాలు, టేకు స్తంభాలు, పెంకుల కప్పు, వెనక చెట్లతో నిండిన పెరడు. రెండేళ్ళుగా ఆదివారాల్లో అత్తాకోడళ్ళు కలిసి ఐదారుగురికి వంట నేర్పుతున్నారు. పెళ్ళి కుదిరిన అమ్మాయిలు, పైచదువులకు విదేశాలు వెళ్ళబోయే అబ్బాయిలు, పదవీ విరమణ తర్వాత వంట మొదలుపెట్టిన ఒక పెద్దమనిషి వస్తున్నారట. ఏ నెలలో ఏది కాస్తే ఆ నెలలో అదే వండాలన్నది వీరి పద్ధతి. ఉదయం సంతకు వెళ్ళి వచ్చాకే ఆనాటి పాఠం ఏమిటో తేలుతుంది.

దీన్ని 12 మందికి సరిపడే వంటల బడిగా తీర్చిదిద్దాలని ఆవిడ విరమణ సొమ్ములో 16 లక్షలు పక్కన పెట్టారు. హైదరాబాదులో ఇంటీరియర్ డిజైనరుగా పనిచేస్తున్న ఆడపడుచు కూతురు పైసా తీసుకోకుండా, మూడు నెలలు శ్రమపడి నమూనాలు గీసి ఇచ్చింది. వాటిలో మండువాను అద్దంతో మూసి ఏసీ పెట్టే ఏర్పాటు ఉంది. వసారాలు ఆరు భాగాలై, ఆరు ఋతువులకు ఆరు రంగులు వచ్చాయి. ఎదుటి గోడ నిండా పండు మామిడి గుత్తుల చిత్రం, మిగిలిన గోడలకు ఆకుపచ్చ రంగు, ఫాల్స్ సీలింగు నుంచి వేలాడే ప్లాస్టిక్ తీగలు, పళ్ళు, వంట గట్లకు నల్లటి కడప బండ. అత్తగారు ఆ కాగితాలను చాలాసేపు చూసి, “మరి మాగాయ ఎక్కడ ఎండబెట్టాలి?” అని ఒక్క మాట అడిగి లేచి వెళ్ళిపోయారట. అప్పటినుంచి బడి ప్రస్తావన వస్తే ఆవిడ మౌనంగా ఉంటున్నారు. అమ్మమ్మకు కొత్తది ఏదీ నచ్చదని ఆ అమ్మాయి నొచ్చుకుంది. భర్త మీరూ మీరూ తేల్చుకోమంటున్నారు. హైదరాబాదులో ఉన్న బావగారికి ఇంట్లో సగం వాటా ఉంది. ఆయన ఫోనులో సరేనన్నారు. అద్దం కప్పు వేసే గుత్తేదారు 2 లక్షలు అడ్వాన్సు అడుగుతున్నాడు. “పాము చావకుండా, కర్ర విరగకుండా ఏదైనా దారి చెప్పండి. అసలు ఋతువులను ఒక గదిలో చూపించడం సాధ్యమేనా?” అని ఉత్తరం ముగించారు. వసారాల కొలతలు, నమూనాల ఫొటోలు కూడా జతచేశారు.

సోదరీ, మీ ఉత్తరంలో మూడు చిక్కులు ఒకదానితో ఒకటి పెనవేసుకుపోయాయి. ఆ గది ఏ పని చేయాలన్నది మొదటిది. ఇంట్లో ఎవరి మాట నెగ్గాలన్నది రెండోది. సొమ్ము, వాటా మూడోది. మీరు రెండో చిక్కు దగ్గర నిలబడి మిగిలిన రెండింటినీ చూస్తున్నారు కాబట్టి, ఏది ఎంచుకున్నా ఎవరో ఒకరు నొచ్చుకుంటారనిపిస్తోంది. మొదటి చిక్కు విడిపోతే రెండోది సగానికి సగం దానంతట అదే వదులవుతుందని నా నమ్మకం. అందుకే మీ అత్తగారు అడిగిన ప్రశ్న దగ్గరే మొదలుపెడతాను. ఆ మాటను మీరు అయిష్టంగా విన్నారు. నాకైతే మీరు పంపిన కాగితాలన్నింటి కంటే అదే పదునైన డిజైను ప్రశ్నగా కనిపించింది.

మాగాయ సంగతే తీసుకోండి. చెక్కు తీసిన మామిడి ముక్కలను ఉప్పు, పసుపు కలిపి మూడు రోజులు ఊరనిస్తాం. తర్వాత పిండి, ముక్కలను ఒక పక్క, ఊటను ఒక పక్క ఎండలో పెడతాం. ఆ ముక్క అంచులు ముడుచుకుని, వేలితో నొక్కితే మెత్తగా ఉంటూనే తడి అంటకుండా ఉండే దశ ఒకటి ఉంటుంది. దాన్ని పుస్తకం చెప్పలేదు. మీ అత్తగారి వేలు చెబుతుంది. ఆ వేలి తెలివిని పిల్లలకు అందించాలంటే రెండు మూడు రోజులు పూర్తిగా ఎండ పడే చోటు, గాలి ఆడే చోటు, కాకీ ఉడుతా రాకుండా మనిషి కూర్చుని కాపలా కాసే నీడ పట్టు కావాలి. మీది పెంకుల కప్పు గనుక డాబా లేదు. పెరట్లో చెట్ల నీడ. ఇక మిగిలింది మండువాయే. దాన్ని మూసేస్తే మాగాయతో పాటు ఒరుగులు, వడియాలు, అప్పడాలు, ఊరమిరపకాయలు అన్నీ మీ పాఠాల్లోంచి వెళ్ళిపోతాయి. మన వంటలో ఋతువు అంటే కాసే కాలం ఒక్కటే కాదు, నిలవ చేసే కాలం కూడా. మీ బడికి ఆ రెండో సగం ఆకాశం నుంచే వస్తోంది.

అద్దం కప్పు గురించి ఇంకొన్ని మాటలు చెప్పాలి. వేసవిలో వేడిగాలి పైకి లేచి మండువాలోంచి బయటికి పోతుంది, వసారాల్లోకి చల్లగాలి వస్తుంది. అందుకే ఆ ఇళ్ళు ఫ్యాన్లు లేని రోజుల్లో కూడా నివాసయోగ్యంగా ఉన్నాయి. పైన అద్దం మూస్తే ఎండ లోపలికి వస్తుంది, వేడి బయటికి పోదు. మే నెలలో మన వైపు 40 డిగ్రీలు దాటడం మామూలే. దానికి ఆరు పొయ్యిల వేడి తోడవుతుంది. ఏసీ ఉంది కదా అని ఆ అమ్మాయి అనవచ్చు. ఎండుమిర్చి పోపు ఆరు మూకుళ్ళలో ఒకేసారి పడితే ఆ ఘాటును లాగడానికి పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాను తప్పదు. అది ఘాటుతో పాటు ఏసీ చల్లబరచిన గాలిని కూడా బయటికి నెట్టేస్తుంది. అంటే కరెంటు బిల్లు కట్టి వీధిని చల్లబరుస్తున్నట్టు అవుతుంది.

ఇంతకంటే ముఖ్యమైనది గ్యాసు. వంట గ్యాసు గాలి కంటే బరువైనది. లీకైతే పైకి పోదు, నేలబారుగా పాకి పల్లపు చోట చేరుతుంది. మీ మండువా వసారా కంటే అడుగున్నర లోతుగా ఉందని కొలతల్లో రాశారు. పైన మూసి, కింద గుంటగా ఉన్న చోటుకు చుట్టూ పొయ్యిలు పెట్టడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. మీరు ఏ దారి ఎంచుకున్నా ఈ విషయంలో మాత్రం రాజీ పడకండి: సిలిండర్లు ఇంటి బయట, నేలమట్టానికి, గాలి ఆడే చోట ఉండాలి, అక్కడి నుంచి లోహపు గొట్టం లోపలికి రావాలి, ప్రతి పొయ్యికీ గ్యాసు ఆపే మీట చేతికందేలా ఉండాలి. ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండరు వ్యాపారానికి వాడకూడదు గనుక 19 కిలోల వాణిజ్య సిలిండర్లు తీసుకోవలసి ఉంటుంది. పొయ్యికి సూటిగా పైన టేకు దూలం గానీ, వాసాలు గానీ ఉంటే మధ్యలో లోహపు పొగగూడు తప్పనిసరి. ఏళ్ళ తరబడి నూనె ఆవిరి పట్టిన చెక్క ఎంత తేలికగా అంటుకుంటుందో మీకు చెప్పనక్కరలేదు.

వర్షాకాలం మాటేమిటని మీరు అడగవచ్చు. మండువాలో పడిన నీరు తూములోంచి పెరట్లోకి పోయే ఏర్పాటు మీ ఇంట్లో ఇప్పటికే ఉంది. దాన్ని శుభ్రం చేయించి, వసారా అంచుల్లో జల్లు కొట్టకుండా చుట్టి పెట్టుకోగల మందపాటి గుడ్డ తెరలు కట్టిస్తే చాలావరకు సరిపోతుంది. అది చాలదనిపిస్తే, పెంకుల అంచు కంటే రెండడుగులు ఎత్తున ఇనుప చట్రం లేపి దాని మీద వెలుతురు దిగే కప్పు వేయించి, నాలుగు పక్కలా ఆ రెండడుగులూ గాలికి వదిలి జల్లెడ బిగించవచ్చు. అప్పుడు వాన రాదు, కోతులు రావు, వేడి పోతుంది. ఎండ మాత్రం కాస్త తగ్గి, మాగాయ ఎండటానికి ఒక రోజు ఎక్కువ పట్టవచ్చు. ఇది మీ అత్తగారితో కలిసి నిర్ణయించవలసిన విషయం.

ఇక గోడలు. ఆరు ఋతువులకు ఆరు రంగులన్న ఆలోచన కాగితం మీద ముచ్చటగా ఉంది. ఆచరణలో చూస్తే, ఏ నెలలోనైనా ఆరింటిలో ఐదు భాగాలు అబద్ధం చెబుతుంటాయి. కార్తీకంలో మీ విద్యార్థి గ్రీష్మం గోడకు వీపు ఆనించి ఉసిరికాయలు దంచుతుంటాడు. బొమ్మ మారదు. సంత మారుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆకుపచ్చ గోడ మీద పడి తిరిగి వచ్చే వెలుతురు ఆ రంగునే మోసుకొస్తుంది. కొన్నేళ్ళ క్రితం ఒక శిక్షణ వంటగదిని చూడటానికి పిలిస్తే వెళ్ళాను. అక్కడ గోడలకు చిలకపచ్చ, పైన పసుపుపచ్చ దీపాలు. పిల్లలు పోపులో మినప్పప్పు బంగారు రంగుకు వచ్చిందనుకుని దించేస్తున్నారు. గిన్నెను గుమ్మం దగ్గరికి తెచ్చి చూస్తే పప్పు ఇంకా తెల్లగానే ఉంది, తింటే పచ్చి వాసన. తప్పు పిల్లలది కాదు, ఆ వెలుతురుది. వంట నేర్చుకునేవారు కంటితో కొలుస్తారు. ఆ కన్నును గోడ తికమక పెట్టకూడదు. అందుచేత గోడలకు సున్నపు తెలుపు, పగలు మండువా వెలుతురు, సాయంత్రానికి రంగులను ఉన్నవి ఉన్నట్టు చూపే తెల్లని ఎల్ఈడీ దీపాలు అని నా సలహా. కొనేటప్పుడు రంగుల స్పష్టత సూచిక (సీఆర్ఐ) 90 పైన, వర్ణ ఉష్ణోగ్రత (వెలుతురు పసుపుగా ఉంటుందా, తెల్లగా ఉంటుందా అని చెప్పే కొలత) 4000 కెల్విన్ దరిదాపుల్లో ఉన్నవి అడగండి.

సున్నమంటే మళ్ళీ ఒక జాగ్రత్త. కొత్త సున్నం మీద పసుపు చెయ్యి పడితే పారాణిలా ఎర్రబడుతుందని మీకు తెలిసిందే. అందుకని గట్టు మీద నుంచి రెండడుగుల మేర తెల్లని నున్నటి పలకలు అతికించి, ఆ పైన సున్నం వేయించండి. తెల్లని గోడ ముందు పెట్టిన ఎర్రగోంగూర కాడ, గుత్తొంకాయ నీలం, పచ్చిపసుపు కొమ్ము వాటంతటవే వెలుగుతాయి. ఋతువు తన రంగును తానే తెచ్చుకుంటుంది. మనం దానికి తావు ఇస్తే చాలు.

ఆ తావు గురించే మీకు ఒక ఆలోచన ఇవ్వాలనుకుంటున్నాను. మీ ఇంట్లో బొమ్మల కొలువు పెడతారని ఉత్తరంలో ఒకచోట యథాలాపంగా రాశారు. ఆ కొలువు మెట్లనే సింహద్వారానికి ఎదురుగా ఉన్న వసారాలో శాశ్వతంగా నిలపండి. ఐదు మెట్లు, పాత టేకు పలకలతో, ఒక్కొక్కటి అడుగు వెడల్పు. తెల్లారి సంత నుంచి వచ్చిన కాయగూరలు, ఆకుకూరలు, దుంపలు, పళ్ళు వెదురు తట్టల్లోనూ తాటాకు బుట్టల్లోనూ ఆ మెట్ల మీద కొలువుతీరాలి. పాఠం పొయ్యి దగ్గర కాకుండా ఈ మెట్ల దగ్గర మొదలవ్వాలి. కార్తీకంలో ఉసిరి, కంద, పెండలం. పుష్యంలో రేగుపళ్ళు, తీపి గుమ్మడి, చెరకు. మాఘ ఫాల్గుణాల్లో కొత్త చింతపండు. చైత్రంలో వేపపువ్వు, చింతచిగురు, పనసకాయ. ఆ తర్వాత పుల్లమామిడి. వానలు పడ్డాక వాక్కాయలు. వాక్కాయను విద్యార్థి తన చేతితో కోసి, జిగురుపాలు వేళ్ళకు అంటుకుని, ఆ గింజలు తీస్తూ విసుక్కోవాలి. పప్పులో దాని పులుపు ఎందుకు వేరుగా ఉంటుందో అప్పుడే అర్థమవుతుంది.

ఈ మెట్ల మీద ఒక తట్ట ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. ఈ నెల దొరకనిది ఏదో దాని ముందు పలక మీద రాయించండి. జనవరిలో మునగాకు మామిడి పప్పు కావాలని ఒక విద్యార్థి అడిగితే, ఆ ఖాళీ తట్టే జవాబు చెబుతుంది. పక్కనే ఒక నల్లబల్ల పెట్టి, ఆ రోజు సంతలో ధరలు సుద్దముక్కతో రాయండి. 1999లో రైతు బజార్లు మొదలైనప్పటి నుంచి ధరల పలక చూసి కొనడం మన జనానికి అలవాటే. చిక్కుడుకాయ ధర వారం వారం దిగుతూ వచ్చి మళ్ళీ ఎక్కడం చూసిన పిల్లవాడికి ఋతువు ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు వెళ్ళిపోతోందో విడిగా చెప్పనవసరం లేదు. ఐర్లండులోని కార్క్ కౌంటీలో 1983లో మొదలైన బాలీమలూ వంటల పాఠశాల దాదాపు 100 ఎకరాల సేంద్రియ పొలం మధ్యలో ఉంది. అక్కడి విద్యార్థికి కూరగాయల మడి, వంటగది పక్కపక్కనే. మీకు 100 ఎకరాలు లేవు గానీ, తెల్లవారుజామున పల్లెల నుంచి బుట్టలు దిగే సంత నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది. ఆ సంతకూ మీ పొయ్యికీ మధ్య ఉన్న దారిని గదిలో కనబడేలా చేయడమే మీ డిజైనరు పని.

ఆ దారిలో అన్నింటి కంటే గట్టిగా పాటించవలసింది తడి, పొడి భేదం. పచ్చళ్ళ ఇంట్లో తడి చెయ్యి ఎక్కడ తగలకూడదో మీ అత్తగారికి నిద్రలో కూడా తెలుసు. గది కూడా ఆ నియమాన్ని తెలుసుకోవాలి. పెరటి వైపు వసారా తడిది: బుట్టలు దిగడం, కడగడం, ఆకుకూర ఏరడం, గిన్నెలు తోమడం, నూనె జిడ్డును పట్టి ఆపే తొట్టి అన్నీ అక్కడే. ఉత్తరం వైపున ఉన్న మీ సామాన్ల గది పొడిది: జాడీలు, పప్పులు, కారాలు. ఎండ తగలని గది గనుక జాడీలకు అదే మంచి చోటు. జాడీలను నేల మీద కాకుండా జానెడు ఎత్తున్న చెక్క పలకల మీద పెట్టి, వాసెన కట్టిన గుడ్డ మీద నెల, సంవత్సరం రాసిన చీటీ కట్టండి. ఆ వరసలో మూడేళ్ళ ఉసిరికాయ పచ్చడి, నిరుటి మాగాయ, ఈ ఏటి ఆవకాయ పక్కపక్కన కనిపిస్తే అంతకు మించిన అలంకరణ నాకు తోచడం లేదు. ఈ రెండింటి నడుమ, మండువాకు అటూ ఇటూ ఉన్న వసారాల్లో మూడేసి చొప్పున ఆరు వంట గట్లు. ఒక్కో గట్టు దగ్గర ఇద్దరు. వసారా వెడల్పు 9 అడుగులు అన్నారు. గట్టుకు రెండు, నిలబడటానికి మూడున్నర పోగా, వెనక నడవటానికి మూడున్నర మిగులుతుంది. వేడి మూకుడు పట్టుకుని ఒకరు వెళ్తుంటే ఇంకొకరు తగలకుండా ఉండటానికి అంత అవసరం.

గట్టు ఎత్తు విషయంలో నమూనాలో 36 అంగుళాలు అని ఉంది. దాని మీద బల్ల స్టవ్వు పెడితే మూకుడు ఇంకో ఐదారు అంగుళాలు పైకి లేస్తుంది. ఐదడుగుల రెండంగుళాల అమ్మాయి భుజాలు ఎగదోసి కలపవలసి వస్తుంది. నిలబడి మోచేతిని మడిచి, అక్కడి నుంచి నాలుగైదు అంగుళాలు దిగితే వచ్చే ఎత్తు కోయడానికి హాయిగా ఉంటుంది. స్టవ్వు ఉండే చోట గట్టు ఇంకా తగ్గాలి. ఆరింటిలో రెండు గట్లను పొడవైనవారి కోసం వేరే ఎత్తులో కట్టించండి. ఇక కడప బండ. చూడటానికి నిండుగా ఉంటుంది, నాకూ ఇష్టమే. అది సున్నపురాయి జాతిది గనుక చింతపండు పులుసు, నిమ్మరసం, మామిడి ఊట పడిన చోటల్లా తెల్లటి మచ్చ దిగుతుంది. తాండూరు బండకు, పాలరాయికి కూడా ఇదే జబ్బు. పులుపు లేకుండా మన వంట సాగదు కాబట్టి గట్లకు గ్రానైటు వేయించి, కడప బండను సామాన్ల గదిలో అరలకు వాడుకోండి.

ఒక చోట మాత్రం గట్టు అసలు వద్దు. మండువాకు తూర్పు అంచున 9 అంగుళాల ఎత్తున్న వెడల్పాటి అరుగు కట్టించండి. కత్తిపీట, రోలు, తిరగలి, ఆవకాయ కాయలు కొట్టే కత్తి, వీటన్నింటికీ నేల మీద కూర్చున్న మనిషి కావాలి. మీ అత్తగారు పాఠం చెప్పే ఆసనం అదే అవుతుంది. మోకాళ్ళు సహకరించనివారు ఆ అరుగు అంచున కాళ్ళు కిందికి వేసుకుని కూర్చోవచ్చు. నమూనాలో ఎక్కడా ఆవిడ కూర్చోవడానికి చోటు లేదన్న సంగతి మీరు గమనించారో లేదో. ఆవిడ గమనించారనే నా అనుమానం. మాగాయ మాట వెనక ఆ బాధ కూడా ఉండి ఉంటుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు చెబుతాను. నమూనా ఉన్నది ఉన్నట్టు కట్టించడం ఒకటి. బడి చూడగానే ఆకట్టుకుంటుంది, ఫొటోలు చూసి కొందరు చేరతారు, ఆ అమ్మాయి సంతోషిస్తుంది. సొమ్ములో పెద్ద భాగం అద్దానికి, ఏసీకి, సీలింగుకు పోయి, నీటి గొట్టాలకూ కరెంటు పనికీ తక్కువ మిగులుతుంది. ప్లాస్టిక్ తీగలకు ఆర్నెల్లలో నూనె జిడ్డు, దుమ్ము పడతాయి. నేర్పడానికి ఎక్కువ సరుకు ఉండే వేసవిలోనే గది ఉడికిపోతుంది. ఏమీ మార్చకుండా ఇప్పటిలాగే నడపడం ఇంకొకటి. సొమ్ము భద్రంగా ఉంటుంది, అత్తగారు మామూలుగా అవుతారు. కానీ ఆరుగురికి మించి చేర్చుకోలేరు, ఇరుకు వంటింట్లో అంతమంది పొయ్యి చుట్టూ తిరగడం ప్రమాదం, అన్నింటికీ మించి బడి భారమంతా 81 ఏళ్ళ మనిషి ఓపిక మీద ఆధారపడి ఉంటుంది. పెరట్లో విడిగా షెడ్డు వేయడం కూడా ఒక దారే గానీ, చెట్లు కొట్టాలి, ఉమ్మడి స్థలంలో కొత్త కట్టడం వివాదానికి తావిస్తుంది. నేను దాని జోలికి వెళ్ళను.

నా మొగ్గు రెండు విడతల పద్ధతి వైపు. ఇప్పుడు తూము, మురుగు, నీళ్ళు, గ్యాసు గొట్టం, కరెంటు, పొగగూళ్ళు, మూడు గట్లు, అరుగు, కొలువు మెట్లు, గోడలకు సున్నం. ఇంతవరకు చేసి ఆరుగురితో మొదలుపెట్టండి. ఒక వేసవి, ఒక వానాకాలం గడవనివ్వండి. ఎండ ఏ వేళకు ఏ స్తంభం దాకా వస్తోందో, జల్లు ఎంత లోపలికి కొడుతోందో, పిల్లలు ఎక్కడ గుమికూడుతున్నారో చూసి, మిగిలిన మూడు గట్లు, కప్పు సంగతి అప్పుడు తేల్చండి. ఇందులోనూ నష్టం ఉంది. మొదటి ఏడాది రాబడి తక్కువగా ఉంటుంది, బడి సగం కట్టినట్టు కనిపిస్తుంది, కూలీలూ సామగ్రీ ధరలు పెరగవచ్చు, తన నమూనాను పక్కన పెట్టారని ఆ అమ్మాయికి అనిపించవచ్చు. మొదటి మూడు నష్టాలు మీరు భరించగలిగినవే. నాలుగోది మాటతో చక్కదిద్దవలసినది.

ఆ అమ్మాయితో ఫోనులో ఏమీ చెప్పకండి. సంక్రాంతికి ఎలాగూ వస్తుంది కాబట్టి నాలుగు రోజులు ముందుగా రమ్మనండి. నమూనా బాగుందా లేదా అన్న చర్చ పెట్టకుండా, “అమ్మమ్మ పని చేస్తుంటే కొలతలు తీసి పెట్టమ్మా, మాకు అవి లేక గట్టు ఎత్తు తేలడం లేదు” అని అడగండి. టేపు ఆ పిల్ల చేతిలో ఉండాలి. అమ్మమ్మ ఎంత ఎత్తు పీట మీద కూర్చుంటుంది, చెయ్యి చాపితే ఎంత దూరం అందుతుంది, అరిసెల పాకం పట్టేటప్పుడు వెలుతురు కోసం ఎటు తిరుగుతుంది, తడి గుడ్డ ఎక్కడ వేస్తుంది, పొడి గుడ్డ ఎక్కడ వేస్తుంది. మూడు నెలలు జీతం లేకుండా పనిచేసిన పిల్లకు పనిమీద ప్రేమ ఉంది. హైదరాబాదులో కూర్చుని గీసింది గనుక ఈ చేతులను చూసే వీలు దానికి దొరకలేదు, అంతే. ఆ నాలుగు రోజుల తర్వాత కాగితాలను తనే మార్చుకుంటుందని నాకు గట్టి ఆశ. ఒకవేళ మార్చకపోయినా, మీ ఇద్దరి మధ్య మాట్లాడటానికి అభిప్రాయాల బదులు కొలతలు ఉంటాయి.

గోడ మీద చిత్రం వేయాలన్న ఆ అమ్మాయి కోరికను పూర్తిగా కొట్టేయకండి. నమూనాలో ఉన్నవి పండిన మామిళ్ళు. మీ బడిలో ఎక్కువగా నలిగేది పుల్లటి కాయ. దాని బదులు, సింహద్వారం పక్క గోడకు ఒకే ఒక తాటిచెట్టు గీయమనండి. వేసవిలో ముంజలు, వానాకాలంలో పండు, ఆ పండు తిన్నాక పాతిన టెంక నుంచి చలికాలంలో తేగ. ఒక చెట్టు మూడు కాలాల్లో మూడు రకాలుగా కంచంలోకి రావడం ఆ పిల్ల గీతల్లో కనబడితే, అది వంటగదికి దూరంగా, జిడ్డు తగలని చోట, ఏళ్ళ తరబడి నిలిచే పని అవుతుంది. కింద తన పేరు రాయమనండి.

బావగారి విషయం క్లుప్తంగా చెబుతాను. ఫోనులో అన్న సరే చాలదు. ఆయన మంచితనం మీద అనుమానంతో కాదు. ఉమ్మడి ఇంట్లో మీ సొంత సొమ్ము ఎంత పెట్టారు, బడి ఎన్నేళ్ళు నడుపుకోవచ్చు, పంపకాలు జరిగితే ఆ ఖర్చు ఎలా లెక్కలోకి వస్తుంది అన్నవి రేపు పిల్లల తరంలో తగవులు కాకూడదనే. ఒక న్యాయవాది చేత ఒప్పందం రాయించి, అన్నదమ్ములిద్దరి సంతకాలు తీసుకోండి. “మీరూ మీరూ తేల్చుకోండి” అంటున్న మీ వారికి ఈ పని అప్పగించండి. ఇది ఆయన అన్నగారితో మాట్లాడవలసిన మాట కాబట్టి మీరు నెత్తిన వేసుకోకండి. ఆహార భద్రత నమోదు, పురపాలక సంఘం అనుమతి కూడా ఆ ఒప్పందం చేతికి వచ్చాకే మొదలుపెట్టండి.

ఇక అద్దం గుత్తేదారు. ఆయనకు అడ్వాన్సు ఇప్పుడు ఇవ్వకండి. వచ్చే వానాకాలం తర్వాత నిర్ణయిస్తామని చెప్పి, ఎత్తున లేపిన కప్పుకు, నాలుగు పక్కలా జల్లెడతో, ఎంతవుతుందో విడిగా రాసి ఇమ్మని అడగండి. ఆ కాగితం వచ్చాక మీ అత్తగారి పక్కన కూర్చుని, మండువాలో ఎండ ఏ నెలలో ఏ మూలకు పడుతుందో ఆవిడనే చూపించమనండి. అరవై ఏళ్ళుగా అక్కడ మాగాయ ఎండబెట్టిన మనిషికి అది లెక్క వేయకుండానే తెలుసు.